లెక్కపెడితే తప్పేముంది?

(ప్రాంతీయ కార్యాలయంలో జరిగిన తెలుగు భాషా దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగు దినోత్సవం నాడు జపాన్ గురించి మాట్లాడమన్నారేమిటని మీలో కొందరికి అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. కార్యదర్శి గారిని అడిగితే, “భాష గురించి మాట్లాడేవాళ్ళు ముగ్గురున్నారండీ, మీరు కాస్త నవ్వించండి” అన్నారు. మా అమ్మాయి టోక్యో శివార్లలో ఉద్యోగం చేస్తోంది. మన ఎల్‌ఎఫ్‌సీ దేశం సరిహద్దు దాటదు కాబట్టి సొంత డబ్బు పెట్టుకుని, నిరుడు నవంబరులో నేనూ మా ఆవిడా వెళ్ళి పద్దెనిమిది రోజులు ఉండి వచ్చాం. పద్దెనిమిది రోజుల్లో ఒక దేశాన్ని అర్థం చేసుకున్నానని చెప్పే ధైర్యం నాకు లేదు. కౌంటర్లో ముప్ఫయ్యేళ్ళు కూర్చున్నవాడి కళ్ళకి ఏం కనిపించిందో అంతే చెబుతాను.

ముందు డబ్బు సంగతి. మనవాళ్ళం ఎక్కడికి వెళ్ళినా మొదట చూసేది అదే కదా. జపాన్‌లో పెద్ద నోటు 10,000 యెన్లు. మన లెక్కలో ఐదున్నర, ఆరు వేల రూపాయలు. 2024 జూలైలో కొత్త నోట్లు వచ్చాయి. ఆ పెద్ద నోటు మీద ఉన్నది రాజు కాదు, మంత్రి కాదు, షిబుసావా ఎయిచి అనే బ్యాంకరు! 1873లో ఆ దేశపు మొదటి ఆధునిక బ్యాంకు పెట్టింది ఆయనే. దాదాపు ఐదు వందల సంస్థల స్థాపనలో ఆయన చేయి ఉందంటారు. నీతికి, లెక్కకు పొత్తు కుదరాలని చెబుతూ ఆయన తెచ్చిన పుస్తకం పేరులో ఒకవైపు కన్ఫ్యూషియస్ సూక్తులు, మరోవైపు పూసలచట్రం ఉంటాయి. ఆ నోటు చేతిలో పట్టుకుని, “చూశావా, మావాడికి ఎంత గౌరవమో” అన్నాను మా ఆవిడతో. “ఆయన బ్యాంకు పెట్టాడు, మీరు బ్యాంకులో కూర్చున్నారు, రెండూ ఒకటేనా?” అంది. అక్కడితో ఆ ప్రస్తావన ముగిసింది.

చిల్లర దగ్గరికి వస్తే వాళ్ళది వేరే లోకం. ఒక యెన్ నాణెం అల్యూమినియంది, సరిగ్గా ఒక గ్రాము బరువు. మెల్లగా పెడితే నీళ్ళ మీద తేలుతుంది. మన దగ్గర రూపాయి చిల్లర బదులు చాక్లెట్ చేతిలో పెట్టే రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అక్కడ ఒక్క యెన్ కూడా వదలరు. తినుబండారాల మీద 8 శాతం, మిగతావాటి మీద 10 శాతం పన్ను కలిసి బిల్లు 537 అనో 1,081 అనో తేలుతుంది. సాయంత్రానికి జేబు గుడి హుండీలా మోగుతుంది. ఐదు యెన్ల నాణేనికి మధ్యలో చిల్లు ఉంటుంది, కానీ దాని మీద మామూలు అంకె ఉండదు, విలువ వాళ్ళ లిపిలోనే రాసి ఉంటుంది. కొత్తవాళ్ళు దాన్ని చిల్లును బట్టి, పసుపు రంగును బట్టి గుర్తు పట్టాల్సిందే. ఐదు యెన్లను వాళ్ళు “గో ఎన్” అంటారు. అదే మాటకు “ఋణానుబంధం” అనే అర్థం కూడా వస్తుంది. అందుకని గుళ్ళో వేయడానికి ఆ నాణేన్ని దాచి ఉంచుకుంటారు.

పెళ్ళి కట్నాల విషయంలో వాళ్ళూ మనవాళ్ళే. మనం నూట పదహార్లు, వెయ్యి నూట పదహార్లు చదివిస్తాం. వాళ్ళు సరిసంఖ్య పనికిరాదంటారు. సరిసంఖ్య అయితే రెండుగా విడిపోతుందట, కొత్త జంటకు అది శకునం కాదు. అందుకే స్నేహితుడి పెళ్ళికి సాధారణంగా 30,000 యెన్లు, అంటే మూడు పెద్ద నోట్లు ఇస్తారు. అవి కొత్త నోట్లయి ఉండాలి. చావు ఇంటికి తీసుకువెళ్ళే కవరులో మాత్రం కొత్త నోట్లు పెట్టకూడదు. పెడితే ఈ చావు కోసం ముందే ఎదురుచూసి సిద్ధం చేసుకున్నట్టు అవుతుందట. కొత్త నోటే ఉంటే మడత పెట్టి మరీ పెడతారు. నేను విన్న వెంటనే అనుకున్నది ఒక్కటే: పెళ్ళిళ్ళ సీజన్లో “సార్, పది కట్టలు కొత్తవి” అంటూ మన క్యాబిన్ ముందు నిలబడే పెద్దమనుషులు టోక్యోలోనూ ఉంటారన్నమాట.

ఇక వడ్డీ. ఇది చెబితే మన డిపాజిట్ క్యాంపెయిన్ వాళ్ళు సంతోషిస్తారు. 2024 మార్చిలో బ్యాంక్ ఆఫ్ జపాన్ రుణాత్మక వడ్డీ విధానాన్ని ఎత్తేసింది. అంతకుముందు కొన్నేళ్ళపాటు పెద్ద బ్యాంకుల్లో సేవింగ్స్ వడ్డీ 0.001 శాతం. అంటే లక్ష వేస్తే ఏడాదికి ఒక్క రూపాయి. మన దగ్గర పావు శాతం తగ్గిస్తే ఖాతాదారు ముఖం చిట్లిస్తాడు. అక్కడ చాలామంది డబ్బును ఇంట్లోనే దాచుకున్నారు. దానికి వాళ్ళకో పేరుంది, “తన్సు యొకిన్”, అంటే బీరువా డిపాజిట్. మన అమ్మల పోపులపెట్టె డిపాజిట్‌కు ఇది జపాన్ శాఖ. ఇంటి జమాఖర్చు రాసుకునే పుస్తకాన్ని హానీ మొతోకో అనే పత్రికా సంపాదకురాలు 1904లో అచ్చు వేయించారు. ఇప్పటికీ ఏటా కొత్త సంవత్సరానికి పుస్తకాల షాపుల్లో ఆ తరహా ఖాతాపుస్తకాలు వరసగా పేర్చి పెడతారు.

భాష ఊసు ఎత్తకపోతే ఈ సభకు అన్యాయం చేసినట్టే. తెలుగు అజంత భాష అని మనం గర్వంగా చెప్పుకుంటాం. జపనీసు కూడా ఇంచుమించు అంతే, మాట చివర అచ్చు ఉండాలి, లేదంటే న-కారం. ఇంగ్లీషు వాళ్ళ “బస్”ను మనం “బస్సు” చేశాం, వాళ్ళు “బసు” చేశారు. “నైఫ్” వాళ్ళ నోట “నైఫు” అయింది. వాళ్ళు “నోటో” అంటే మన నోటు పుస్తకం. రైలు స్టేషన్లో ప్రకటన వింటుంటే ఎక్కడో తెనాలి పక్క ఊళ్ళో ఎవరో వేగంగా మాట్లాడుతున్నట్టే ఉంటుంది, అర్థం మాత్రం కాదు. వాళ్ళ అక్షరమాల కూడా అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలై, ఆ తర్వాత క, స, త, న అంటూ సాగుతుంది. బౌద్ధంతోపాటు వెళ్ళిన మన దేశపు వర్ణక్రమమే దానికి మూలం. పెద్ద అంకెల దగ్గర మాత్రం తిప్పలు తప్పవు. వాళ్ళకు లక్షలు, కోట్లు లేవు. పదివేలను “మన్” అంటారు, నూరు మన్‌లు అయితే మన పది లక్షలు. వాళ్ళ “ఒకు” మన పది కోట్లు. మా అమ్మాయి తన జీతం చెబితే మనసులో రెండు మార్పిడులు చేసుకుని గానీ ఆనందించలేకపోయాను.

తిండి గురించి రెండు మాటలు. శాకాహారులకు జపాన్ కొంచెం కష్టం. కూర పచ్చగా, అమాయకంగా కనిపిస్తుంది, కానీ దాని రసంలో ఎండు చేప ఉంటుంది. మమ్మల్ని కాపాడింది చిన్న దుకాణాల్లో దొరికే అన్నం ముద్ద. మధ్యలో ఊరవేసిన పుల్లటి పండు, బయట సముద్రపు నాచు చుట్టి ఉంటుంది. ఆ ఊరగాయ రుచికి మా ఆవిడ కళ్ళు మూసుకుని, “ఇంచుమించు మన నిమ్మకాయే” అంది. టోక్యోలోని షిన్‌జుకులో నకమురాయ అనే పాత హోటలు ఉంది. అక్కడ 1927 నుంచి ఇండియన్ కర్రీ వడ్డిస్తున్నారు. నేర్పింది మన స్వాతంత్ర్య యోధుడు రాస్ బిహారీ బోస్. బ్రిటిష్ వాళ్ళ నుంచి తప్పించుకుని వెళ్ళిన ఆయన్ని ఆ హోటలు వాళ్ళే దాచారు, తర్వాత అల్లుణ్ణి చేసుకున్నారు. వంటకం తినకపోయినా ఆ తలుపు ముందు ఒక నిమిషం నిలబడి వచ్చాం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మొదటి రోజు నుంచీ నన్ను ఆకట్టుకున్నది ఒక చిన్న పళ్ళెం. ఏ దుకాణానికి వెళ్ళినా గల్లా దగ్గర ఒక పళ్ళెం ఉంటుంది. డబ్బు చేతికివ్వరు, అందులో పెడతారు. అమ్మే అమ్మాయి దాన్ని తీసుకుని, ఎంత ఇచ్చామో పైకి చెబుతుంది. 10,000 నోటు అయితే కొన్నిచోట్ల పక్కనున్న సహోద్యోగికి వినబడేలా చెప్పి మరీ తీసుకుంటుంది. తిరిగి ఇచ్చేటప్పుడు నోట్లను విసనకర్రలా విప్పి మన కళ్ళముందు ఒక్కొక్కటీ లెక్కబెట్టి, రసీదుతో పాటు రెండు చేతులతో అందిస్తుంది. కొన్నది వంద యెన్ల అరటిపండు అయినా సరే ఇంత తతంగమూ ఉంటుంది.

మన ఊళ్ళో ఎవరైనా ఇచ్చిన డబ్బును వాళ్ళ ముందే లెక్కబెట్టామనుకోండి, “ఏం సార్, మా మీద నమ్మకం లేదా?” అంటారు. మనం నొచ్చుకుని, “అబ్బే, ఎంత మాట” అంటూ లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకుంటాం. వీధి చివర వెళ్ళాక చాటుగా లెక్కబెడతాం. నమ్మకమూ ఉండదు, లెక్కా ఉండదు. వాళ్ళు అందరి ముందూ లెక్కపెడతారు కాబట్టి అది ఎవరికీ అవమానంగా ఉండదు.

ఇదే పద్ధతి రైళ్ళలోనూ చూశాను. డ్రైవరు ఒక్కడే క్యాబిన్లో కూర్చుని, తెల్ల చేతితొడుగు వేసుకుని, సిగ్నల్ వైపు వేలు చూపించి పైకి చెబుతాడు. మీటరు వైపు చూపించి చెబుతాడు. గడియారం వైపు చూపించి చెబుతాడు. మొదటిసారి చూసినప్పుడు “పాపం, ఒంటరిగా మాట్లాడుకుంటున్నాడు” అనుకుంది మా ఆవిడ. అది వాళ్ళ భద్రతా పద్ధతి. కన్ను చూసినదాన్ని వేలు చూపించాలి, నోరు చెప్పాలి, చెవి వినాలి. అలాగైతే పరధ్యానంలో చేసే పొరపాటు తగ్గుతుంది. ఇంత జాగ్రత్తపడే దేశంలో సమయం గురించి చెప్పనక్కర్లేదు. 2017 నవంబరులో టోక్యో దగ్గర ఒక రైలు 20 సెకన్లు ముందుగా బయలుదేరింది. ఆలస్యంగా కాదు, ముందుగా. రైల్వే సంస్థ బహిరంగంగా క్షమాపణ చెప్పింది. ఆ ఇరవై సెకన్లు మన ప్యాసింజరు రైలు కూత వేయడానికే సరిపోవు.

మూడోసారి ఈ పద్ధతి పోలీసుల దగ్గర చూశాను. ఒకరోజు పార్కులో మా ఆవిడ చిన్న పర్సు ఎక్కడో జారిపోయింది. అమ్మాయి మమ్మల్ని “కోబన్”కు తీసుకువెళ్ళింది. కోబన్ అంటే వీధి మలుపులో ఉండే ఒకటి రెండు గదుల పోలీసు ఠాణా. పర్సు మాకంటే ముందే అక్కడికి చేరింది. ఎవరో తెచ్చి ఇచ్చి వెళ్ళారు. దొరికిందని మేం చేతులు చాచాం. అంత తేలిగ్గా ఇస్తారా? పోలీసు ఒక పళ్ళెం తెచ్చాడు! పర్సులో ఉన్నవన్నీ అందులో పరిచాడు. నోట్లు, నాణేలు, ఒక యెన్ బిళ్ళలతో సహా లెక్కబెట్టి రాసుకున్నాడు. ఆ తర్వాత రెండు కాగితపు పొట్లాలు తేలాయి. ఒకదాంట్లో ఎర్రటి పొడి, ఇంకోదాంట్లో తెల్లటి పొడి. తెల్ల పొడి చూసి అతని చేయి ఆగింది. అది విభూతి, ఇది కుంకుమ అని అమ్మాయి జపనీసులో వివరించేసరికి పావుగంట పట్టింది. మా ఆవిడ ఇక లాభం లేదనుకుని, వేలితో కాస్త తీసి నా నుదుటికి అడ్డంగా పెట్టి చూపించింది. అతను నిలబడి వంగి నమస్కారం చేసి, ఆ పొట్లాలను కూడా జాబితాలో రాసి, సంతకం పెట్టించుకుని అన్నీ అప్పగించాడు. దొరికిన సొమ్ములో 5 నుంచి 20 శాతం దాకా బహుమానం అడిగే హక్కు అక్కడి చట్టం తెచ్చి ఇచ్చినవాళ్ళకు ఇచ్చింది. మూడు నెలల్లో ఎవరూ రాకపోతే ఆ సొమ్ము వాళ్ళదే. మా పర్సు తెచ్చినవారు మాత్రం ఏమీ వద్దని రాసి వెళ్ళారు. జపాన్ వాళ్ళ నిజాయితీ గురించి అందరూ చెబుతారు. నాకు మాత్రం ఆ నిజాయితీ వెనక ఉన్న వీధికో ఠాణా, జాబితా, పళ్ళెం, ఈ చట్టం కూడా కనిపించాయి.

అలాగని అక్కడ మోసమే లేదనుకోకండి. ఈ మాట చెప్పడానికే ఇంతదూరం తీసుకువచ్చాను. వీధి పక్క అమ్మేవాళ్ళు లేకుండా కూరగాయలు పెట్టి, డబ్బాలో వంద యెన్లు వేసి తీసుకుపొమ్మనే దేశంలో, ముసలివాళ్ళకు ఫోన్లు చేసి దోచుకునే ముఠాలు ఏళ్ళుగా ఉన్నాయి. “ఒరె ఒరె” మోసం అంటారు దాన్ని. మన “ఒరేయ్” కాదు, వాళ్ళ భాషలో “నేనే, నేనే” అని. మనవడి గొంతుతో ఫోన్ చేసి, ఆఫీసు డబ్బు పోగొట్టుకున్నాననో, యాక్సిడెంట్ చేశాననో ఏడుస్తారు. అవ్వ పరుగెత్తుకుంటూ బ్యాంకుకు వస్తుంది.

మా అమ్మాయితో పాటు ఒకరోజు ఆమె బ్యాంకు శాఖకు వెళ్ళాను. మధ్యాహ్నం మూడుకే షట్టరు దించేస్తారు, అందుకని ముందే వెళ్ళాం. ఖాతా కాగితాల మీద సంతకం కంటే చెక్కిన ముద్రకే విలువ ఉన్న కాలం వాళ్ళకు ఇంకా పూర్తిగా పోలేదు. టోకెన్ తీసుకుని కూర్చున్నాం. పక్క కౌంటర్లో ఎనభై దాటిన ఒక పెద్దావిడ పెద్ద మొత్తమే తీయడానికి వచ్చింది. కౌంటర్లోని అమ్మాయి ఆవిడకు ఒక అచ్చు కాగితం ఇచ్చింది. అందులో వరసగా ప్రశ్నలు. ఈ డబ్బు దేనికి? ఎవరైనా ఫోన్ చేసి తీయమన్నారా? బ్యాంకులో చెప్పొద్దన్నారా? మా అమ్మాయి నాకు మెల్లగా చెబుతోంది. పెద్దావిడ చదివి, ఇంటి కప్పు బాగు చేయించడానికని చెప్పి నవ్వింది. ఏమాత్రం నొచ్చుకోలేదు. ఎందుకంటే ఆ కాగితం ఆవిడ ఒక్కదానికే కాదు, ఆ వయసులో అంత మొత్తం తీసే ప్రతివారికీ ఇస్తారు. చాలాకాలంగా ఏటీఎం నుంచి డబ్బు బదిలీ చేయని వృద్ధులకు కొన్ని బ్యాంకులు ఆ సదుపాయమే ఆపేసి, కౌంటర్‌కు రమ్మంటాయి. మోసాన్ని ఆపిన కౌంటర్ ఉద్యోగులకు పోలీసులు ప్రశంసాపత్రం ఇస్తారు.

ఆ కాగితం చూసినప్పుడు నాకు మన శాఖలే గుర్తొచ్చాయి. “డిజిటల్ అరెస్ట్” అనే మాట ఇవాళ మన ఖాతాదారులకు కూడా తెలుసు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదని తెలిసినవాళ్ళు కూడా, వీడియోలో ఖాకీ చొక్కా కనబడితే భయపడిపోతున్నారు. మొన్న వేసవిలో మా శాఖకు రిటైరైన హెడ్మాస్టరు గారు ఒకరు వచ్చారు. ఉన్న ఎఫ్‌డీలన్నీ వెంటనే రద్దు చేయమన్నారు. చొక్కా జేబులో ఫోను ఆన్‌లోనే ఉంది. కౌంటర్లో ఉన్న మన అమ్మాయి, “ఎందుకు మాస్టారూ?” అని అడిగింది. “నా డబ్బు నేను తీసుకుంటే నీకెందుకమ్మా?” అని ఆయన కసిరారు. శాఖంతా తలతిప్పి చూసింది. ఆ అమ్మాయి చిన్నబుచ్చుకోలేదు. మంచినీళ్ళు ఇచ్చి లోపల కూర్చోబెట్టి, ఒక కాగితం మీద రాసి చూపించింది: “ఫోన్లో పోలీసులమని ఎవరైనా చెబుతున్నారా? మాట్లాడకండి, తల ఊపండి చాలు.” ఆయన తల ఊపారు. తర్వాత ఏడ్చేశారు. జీవితకాలపు పొదుపు ఒక చీటీ ముక్కతో నిలబడింది.

ఆ అమ్మాయికి ధైర్యం ఉంది కాబట్టి అడిగింది. కసురుకుంటారనో, కంప్లయింట్ పెడతారనో భయపడి అడగనివాళ్ళు ఉంటారు, వాళ్ళను తప్పుపట్టలేం. అవతల క్యూ ఉంటుంది, సర్వరు ఎప్పుడు పోతుందో తెలియదు. అందుకే ఒకరి ధైర్యానికి వదిలేయకుండా దీన్ని అలవాటుగా మార్చుకుందాం. అరవై ఏళ్ళు దాటినవారు గడువుకు ముందే ఎఫ్‌డీ రద్దు చేసినా, పెద్ద మొత్తం కొత్త ఖాతాకు పంపినా, నాలుగు ప్రశ్నల తెలుగు చీటీ ఒకటి అందరికీ ఇద్దాం. “మిమ్మల్నే కాదండీ, అందరినీ అడుగుతాం” అనే ఒక్క మాటతో కోపం సగం తగ్గుతుంది. డబ్బు అప్పటికే వెళ్ళిపోయి ఉంటే, ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు మనమే ఫోన్ కలిపి ఇద్దాం. మన కౌంటర్లో తెలుగు వాడాలని ఇవాళ ఇంతమంది చెప్పారు. ఆ చీటీ మీది తెలుగు కంటే అవసరమైన తెలుగు నాకు తోచడం లేదు. మన ప్రాంతీయ కార్యాలయం తలుచుకుంటే వచ్చే నెలకే అచ్చు వేయించవచ్చు. ముసాయిదా నేను రాసి తెచ్చాను, సభ అయ్యాక అధ్యక్షుల వారికి ఇస్తాను.

చివరగా ఒక హెచ్చరిక. జపాన్ వెళ్ళేవాళ్ళు జేబులో ఒక చిన్న సంచీ పెట్టుకోండి. 1995లో టోక్యో భూగర్భ రైళ్ళలో విషవాయువు దాడి జరిగాక బహిరంగ ప్రదేశాల్లోని చెత్తబుట్టలు చాలావరకు తీసేశారు. అరటితొక్క తీసుకుని నేను మూడు కిలోమీటర్లు నడిచాను. అన్నిటికీ పళ్ళెం ఉన్న దేశంలో దానికి మాత్రం లేదు.